దొంగ కోసం పెట్టిన తాళం

"నీ కాళ్లు పట్టుకుంటా తల్లీ, ఆ కారు ఎక్కడుందో చెప్పు చాలు."

పెద్దావిడ అన్నంత పనీ చేయబోయింది. పిచ్చుక గబుక్కున లేచి ఆవిడ భుజాలు పట్టుకుని ఆపింది.

కార్ల షోరూమ్ వెనక గదిలో పిచ్చుక ఉద్యోగం. ఇప్పటి కార్లన్నిటికీ ఇంటర్నెట్ ఉంటుంది కాబట్టి, ఏ కారు ఎక్కడుందో కుర్చీలోంచి కదలకుండా కంప్యూటర్‌లో చూడగలదు. తాళం తీయగలదు, వేయగలదు. నోరు ఒక్క క్షణం ఊరుకోదని ఆఫీసులో ఆమెకు ఆ పేరు పెట్టారు.

"కూర్చోండమ్మా. కాసిని నీళ్లు తాగి, ఏమైందో చెప్పండి."

"ఏం చెప్పను? పొద్దున మేం లేచేసరికి మా అమ్మాయి చంటిదాన్ని చంకనేసుకుని కారెక్కి వెళ్లిపోయింది. ఫోన్ ఇంట్లోనే పడేసింది, చూడు." ఆవిడ సంచిలోంచి ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది. "వేలి ఉంగరం తీసి దిండు మీద పెట్టింది. తిరిగొచ్చే మనిషి చేసే పనులేనా ఇవి?"

"ఇంట్లో గొడవేమైనా..." అంది పిచ్చుక.

"గొడవల్లేని ఇల్లు ఎక్కడుందమ్మా? మాటా మాటా వచ్చింది. అది మనసులో పెట్టుకుంది. అసలే మొండిఘటం."

"పోలీసులకి చెప్పారా?"

"చెబితే ఏమంటారు? కోపం తగ్గాక తనే వస్తుందిలే, రేపు కనపడమంటారు. రేపటిదాకా ఆగే పనా ఇది?"

పక్క సీట్లోని ముసలాయన గొంతు సవరించుకున్నాడు. రిటైర్మెంట్ ముందు కొత్త తలనొప్పులు వద్దనుకునే మనిషి. "పిచ్చుకా, కారు ఆ అమ్మాయి పేరు మీదుంది. ఆమె అడిగితే తప్ప ఆచూకీ చెప్పకూడదు. రూలు నీకు తెలియంది కాదు."

"ఆమె అడిగే స్థితిలో ఉంటే ఈవిడ ఇక్కడికెందుకు వస్తారు బాబాయ్? యజమాని శవమయ్యాక చెబుదామా?"

"అది కాదే. ఈవిడెవరో మనకేం తెలుసు?"

పెద్దావిడ అరచేత్తో కళ్లు తుడుచుకుంది. "నా కాళ్లు చూడు నాయనా. చెప్పులు కూడా వేసుకోలేదు. అమ్మని కాకపోతే ఇలా పరిగెత్తుకొస్తానా?"

దుమ్ము కొట్టుకుపోయిన ఆ పాదాలను చూసి ఆయన తల దించుకున్నాడు. "నీ ఇష్టం. నేను చూడలేదు, వినలేదు," అంటూ టీ తాగడానికి బయటికి పోయాడు.

ఆయన అటు వెళ్లగానే ఓ యువకుడు తలుపు తోసి తొంగిచూశాడు. కుడిచేతికి కట్టు ఉంది. "అమ్మా, ఇంకెంతసేపు?"

"మా అబ్బాయి," అంది పెద్దావిడ. "కంగారులో అద్దాన్ని గుద్దుకున్నాడు. పొద్దుట్నుంచీ పచ్చి గంగ ముట్టలేదు. నువ్వు పోయి బండి తిప్పి ఉంచరా."

తోడబుట్టినవాడంటే ఇలా ఉండాలి అనుకుంది పిచ్చుక. ఆ మాటతో ఉన్న కాస్త సందేహమూ కరిగిపోయింది.

అడుగుతున్నది యజమానేనా అని తేల్చుకోవడానికి కంప్యూటర్ ఓటీపీ పంపింది. బల్ల మీది ఫోన్ మోగింది. ఫోన్‌కి తాళం ఉంది గానీ, వచ్చిన అంకెలు మాత్రం తాళం తీయకుండానే తెర మీద తేటగా కనిపించాయి. పిచ్చుక వాటిని చూసి కొట్టింది. అంకెలు సరిపోతే చాలు, అవి ఎవరి కళ్లతో చదివారో యంత్రానికి అనవసరం.

తెర మీద ఎర్ర చుక్క మెరిసింది. ఊరు దాటాక, రిజర్వాయర్ గట్టు మీది రోడ్డు. చుక్క మెల్లగా పాకి, ఆగింది.

"నీళ్ల పక్కనే ఆగిందమ్మా," అంది పిచ్చుక.

"కదలనివ్వకు తల్లీ. దిగనివ్వకు."

కారెత్తుకుపోయిన దొంగను లోపలే బంధించడానికి కంపెనీ పెట్టిన తాళం ఒకటుంది. అది పడితే ఇంజన్ స్టార్ట్ కాదు, తలుపులు లోపల్నుంచి కూడా తెరుచుకోవు. పిచ్చుక దాన్ని ఎప్పుడూ వాడింది లేదు. ఉద్యోగం ఊడినా ఊడుతుంది. రెండు నిండు ప్రాణాల ముందు ఉద్యోగమెంత అనుకుని, నొక్కేసింది.

"అయిపోయిందమ్మా. మీరు వెళ్లేదాకా ఆమె ఎక్కడికీ పోలేదు."

పెద్దావిడ రెండు చేతులతో ఆమె బుగ్గలు నిమిరింది. "నీ కడుపు చల్లగుండ. మా రక్తాన్ని మాకు అప్పగించావు."

ఫోన్ సంచిలో వేసుకుని ఆవిడ పరుగులాంటి నడకతో వెళ్లిపోయింది. బయట బండి రయ్యిమని దూసుకుపోయింది.

పిచ్చుక కుర్చీలో వెనక్కి వాలింది. గండం గడిచింది. కానీ అక్కడ ఆ పిల్ల ఎంత బెదిరిపోయి ఉంటుందో. రెండు మంచి మాటలు చెబితే మనసు కుదుటపడుతుంది కదా అని కారులోని స్పీకర్ కలిపింది.

ముందు చంటిదాని ఏడుపు వినపడింది. తర్వాత అద్దం మీద దబదబా బాదుతున్న చప్పుడు.

"అమ్మా, భయపడకండి. కార్ల కంపెనీ నుంచి మాట్లాడుతున్నా. తలుపుల తాళం నేనే వేశాను."

బాదడం ఆగింది. "ఎందుకండీ?" అంది ఆడగొంతు వణుకుతూ. "పాపకి పాలు కలుపుదామని ఆగాను. దయచేసి తెరవండి, నేను తొందరగా వెళ్లాలి."

బతకడం ఇష్టం లేనివాళ్లు ఏదో ఒక సాకు చెబుతారని పిచ్చుక ఎక్కడో విన్నది. చిన్నపిల్లను లాలించినట్టు గొంతు మెత్తగా చేసుకుంది.

"అలాగే తెరుస్తాను. కాసేపు ఓపిక పట్టండి. ఎంత కష్టమొచ్చినా కన్నవాళ్లుండగా భయమెందుకు? మీ అమ్మగారు మీకోసం ఏడ్చుకుంటూ వచ్చారు. ఇప్పుడే అక్కడికి బయల్దేరారు."

చంటిదాని ఏడుపు మీదుగా ఆ గొంతు మళ్లీ వినపడింది.

"నా పెళ్లికి ముందే మా అమ్మ చనిపోయిందండీ."