సదాశివ లైటు

మా నోయిడా ఫ్యాక్టరీ డిజైన్ హెడ్ సదాశివరావు ఒక లైటు కనిపెట్టి, తన పేరే పెట్టుకున్నాడు. ముప్పై మూడు వేల వోల్టుల ప్యానెల్‌లో కరెంటు లేకపోతేనే అది పచ్చగా వెలుగుతుంది.

ఈరోజు కొనేవాళ్లు వచ్చారు. పచ్చ లైటు వెలిగింది. నేను తలుపు తెరిచి, అలవాటుకొద్దీ, మిగిలిన కరెంటును భూమిలోకి దింపే ఎర్త్ రాడ్ అందుకున్నాను.

"ఇంకా ఆ కర్రెందుకు మల్లేశం? నా లైటు చెబుతోందిగా!" అని అందరి ముందూ నవ్వాడు.

"అచ్ఛా! అయితే మీరే చెయ్యి పెట్టి చూపియ్యుండ్రి సార్."

ఆయన చెయ్యి జేబులోకి పోయింది. "అది టెక్నీషియన్ పని."

రాడ్ పక్కన పెట్టి, లోపలి రాగి కడ్డీని ఉత్త చేత్తో పట్టుకున్నాను. కెవ్వుమన్నది సదాశివరావే.

"పొద్దుగాలనే కేబుల్ ఊడదీసి ఎర్త్ చేసిన సార్. మీ లైటు నిజమే చెప్పింది. నమ్మనిది మీరే."