నలభై పరుపులు

"కంపెనీకి ఓనర్ని నేను. నన్నే కారణం రాయమంటుందేంటయ్యా?"

పరుపుల కంపెనీ యజమాని కంప్యూటర్ మీద కస్సుమన్నాడు.

పోయిన నెల ఎవరో ఆర్డర్లుండే సర్వర్‌లో వేలు పెట్టడంతో నలభై పరుపులు, ఒంటి గదిలో ఉండే ఓ పెద్దాయన ఇంటికి చేరాయి. అప్పట్నుంచి సర్వర్ పాస్‌వర్డులకు కాపలా కాసే సాఫ్ట్‌వేర్ కోసం వెతుకుతున్నారు. మొదటి రెండూ యజమాని పేరు చూడగానే తలుపులు తీసేశాయి. ఈ మూడోది మాత్రం పనేమిటని అడుగుతోంది.

"అందరినీ అలాగే అడుగుతుంది సార్," అన్నాడు కంప్యూటర్లు చూసే ఇంజనీరు.

'నేను ఓనర్ని' అని కొట్టాడాయన. ఇంకొకరు ఒప్పుకుంటే గానీ అది తలుపు తీయదు; ఆ కారణం అనుమతి కోసం పక్క టేబుల్ దగ్గరున్న అకౌంటెంటు మేడంకి వెళ్లింది. ఇరవయ్యేళ్లుగా సెలవు చీటీ పట్టుకుని ఆయన ముందు నిలబడుతున్న మనిషి ఆవిడ.

"అది పని కాదు కదా సార్," అని తిప్పి పంపింది.

ఆయన బుర్ర గోక్కున్నాడు. సర్వర్‌లో తనకు పనేమిటో ఎంతకీ తట్టలేదు. చివరికి 'ఊరికే చూద్దామని' అని రాశాడు.

మేడం కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదివింది.

"పోయిన నెల కూడా ఊరికే చూశారా సార్?"

ఇంజనీరు తల దించుకున్నాడు. పరుపుల గొడవకి వారం రోజులు తిట్లు తిన్నది అతనే.

"ఇదే కొనండి," అన్నాడు యజమాని. "అలాగే ఇతనింటికి మంచి పరుపొకటి పంపించండి."

"కారణం రాయండి సార్," అంది మేడం.

ఈసారి ఆయన బుర్ర గోక్కోలేదు.