మూడో గడి

ముక్కులో పుల్ల తిప్పుతున్నంతసేపూ బీపాత్తు కళ్ళు గట్టిగా మూసుకుంది.

"అయిపోయింది ఉమ్మా," అంది జిస్సీ సిస్టర్. "కాసేపు కూర్చోండి. గీత పడితే చెప్తాను."

బల్ల మీద అరచేతిలో పట్టేంత ప్లాస్టిక్ పలక ఉంది. దానికి మూడు గడులు. మొదటి గడిలో గీత పడితే కోవిడ్. రెండో దాంట్లో పడితే ఫ్లూ. మూడోది ఎక్కువగా చంటిపిల్లలకు వచ్చే ఆయాసం జబ్బు. బీపాత్తు భర్త కోయాకు ఈ వయసులో అదే వచ్చింది. కింది వార్డులో ఆక్సిజన్ మీద ఉన్నాడు. ఇక ఆశ పెట్టుకోవద్దని డాక్టరు పొద్దున్నే చెప్పేశాడు.

ఆ వార్డులోకి చూడ్డానికి ఎవరినీ రానివ్వరు. అదే మూడో గడిలో గీత పడ్డవాళ్ళను మాత్రం తీసుకెళ్ళి ఆ పక్క మంచాల మీదే పడుకోబెడతారు.

బయట వాన ఆగడం లేదు. బీపాత్తు ఒళ్ళో బట్టల సంచి పెట్టుకుని దగ్గుతోంది.

"చూశారా సిస్టర్, సంచి కూడా సర్దుకొచ్చేశారు. అంత భయం," అంది కోడలు రుఖియా. "ఆ భయమేదో ముందే ఉండాలి. వార్డులోంచి తిరిగొచ్చిన గిన్నె కడగమంటే, ఆయన మిగిల్చిన గంజన్నం తినేశారు!"

"అన్నం పారబోస్తే పాపం కదే," బీపాత్తు గొణిగింది.

"అవును మరి. ఇప్పుడా పుణ్యమే దగ్గిస్తోంది."

సిస్టర్ నవ్వాపుకుంది. బీపాత్తు వేళ్ళ మధ్య తస్బీ పూసలు కదులుతూనే ఉన్నాయి.

"ఆయన ఏమైనా అడిగాడా తల్లీ?"

సిస్టర్ నవ్వు పోయింది. "మాట్లాడే ఓపిక లేదు ఉమ్మా. తలుపు తెరుచుకున్నప్పుడల్లా అటు చూస్తున్నారు."

బీపాత్తు తల ఊపింది.

కాసేపటికి సిస్టర్ పలకను కిటికీ వెలుగులోకి ఎత్తి పట్టింది.

"గీత పడింది."

పూసలు ఆగిపోయాయి. బీపాత్తు సంచి పట్టుకుని లేచి నిలబడింది.

"ఎక్కడ?"

"రెండో గడిలో. ఉత్త ఫ్లూ! గట్టి పిండం ఉమ్మా మీది. మీకు పై అంతస్తు. మందులేసుకుని పడుకుంటే వారం తిరక్కుండా ఇంటికెళ్ళిపోతారు."

"అల్‌హమ్దులిల్లా!" రుఖియా గుండెల మీద చెయ్యి వేసుకుంది. "పైనున్న పడచోన్ కాపాడాడు. పదండి ఉమ్మా, మెట్లెక్కలేరు, లిఫ్టు ఇటు."

బీపాత్తు కదల్లేదు; సిస్టర్ రెండు చేతులూ పట్టుకుని, "ఇంకొక్కసారి చూడు తల్లీ, రోజూ ఆయన ఎంగిలే తిన్నాను కదా, మూడో గడిలో ఎందుకు పడదు?" అంది.