సాగనంపు

"కోడి ఇయ్యకపోతే ఊరంత పోతది మామా," అన్నాడు బాబూరావు పటేల్, కంచె అవతలి నుంచే.

అతని వెనక ఊళ్లో సగం మంది నిలబడ్డారు. అందరి మూతులకూ టేకాకులు, వాటికి నారతాళ్లు. జిల్లా కేంద్రం సుక్మా నుంచి గుడ్డ మాస్కులు వస్తాయన్నారు గానీ రాలేదు. మనిషికీ మనిషికీ మధ్య ఎడం ఉండాలని పోలీసులు హిందీలో చెప్పిపోయారు. కోడి కోసం వచ్చిన తొందరలో ఆ ఎడం ఎవరికీ గుర్తులేదు.

సీతారాములు ఎండబెట్టిన ఇప్పపువ్వును చేత్తో తిరగేస్తూనే ఉన్నాడు.

"ఏ కోడి?"

"ఏ కోడి ఏంది? ఊర్లె ఉన్నదే ఒక్కటి."

అది నిజమే. బస్సులు ఆగిపోయి, అంగడి మూతపడ్డాక ఎవరి కోళ్లను వాళ్లు తినేశారు. మిగిలింది సీతారాములు పెరట్లోని నల్లకోడి. గుడ్లు పెట్టడం ఎప్పుడో మానేసింది. దాన్ని పెంచిన రామక్క, సీతారాములు భార్య, ఇప్పుడు లేదు.

ఆ ఊళ్లో రోగాన్ని తల్లి అంటారు. గంపలో చీపురు, గాజులు, పసుపు పెట్టి, పైన నల్లకోడిని కట్టి, పక్క ఊరి పొలిమేరలో దించి వస్తారు. పక్క ఊరివాళ్లు ఆ పైఊరికి పంపుకుంటారు. ఈసారి రోగం ఇంకా ఊళ్లోకి రాలేదు. వచ్చాక పంపడం కంటే రాకముందే పంపడం నయమని పెద్దలు తీర్మానించారు. నల్లకోడి లేకపోతే తల్లి కదలదని పూజారి సుక్రాం తేల్చాడు.

"ఎంతమంది పోతరు?" అని అడిగాడు సీతారాములు.

"అందరం పోతం."

సీతారాములు ఇప్పపువ్వు మీద నుంచి చేయి తీశాడు. "రామక్కను మొయ్యనీకి నలుగురు రాలే. కోడిని మొయ్యనీకి ఊరంత వచ్చింది."

వరసకు చెల్లెలయ్యే లక్కే టేకాకు వెనక గొణిగింది. "అప్పుడు భయమయింది అన్నా."

"ఆమెకు గుండె ఆగింది. గుండె ఆగుడు అంటుకుంటదా?"

"సర్కారు ఆర్డర్ ఉండె మామా," అన్నాడు బాబూరావు. "గుంపు కావొద్దన్నరు."

"ఇప్పుడు ఎత్తేసిన్రా ఆర్డరు?"

బాబూరావు తన వెనకున్న గుంపు వైపు చూశాడు.

రామక్కను సీతారాములు ఒక్కడే ఎడ్లబండి మీద కాటికి తీసుకెళ్లాడు. దినం నాడు వండిన కూడు తినడానికి ఎవరూ రాలేదు. కుక్కలు తిన్నాయి. దినం కూడు ఊరు తినకపోతే పోయిన మనిషి ఇంటి చూరు కిందే ఉండిపోతుందంటారు. చూరు కింద రామక్క ఉందో లేదో సీతారాములు ఎవరికీ చెప్పలేదు. పొద్దున చాయ్ మాత్రం రెండు గిన్నెల్లో పోస్తున్నాడు.

"కోడి ఇస్త," అన్నాడు చివరికి. "రేపు రామక్క దినం మళ్ల చేస్త. మీరంత వచ్చి తినాలె. రానోడు ఇప్పుడే చెప్పున్రి. కోడి ఇక్కడ్నే ఉంటది."

వాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. టేకాకుల వల్ల పెద్దగా ఏమీ కనపడలేదు.

"వస్తం మామా. తల్లి మీద ఒట్టు."

"ఏ తల్లి? సాగనంపేదా?"

"కాదు మామా. మా అమ్మ మీద."

సీతారాములు కోడిని పట్టుకొచ్చి, కాళ్లు కట్టి, కంచె మీంచి అందించాడు.

సాయంత్రం గంప బయలుదేరింది. ముందు డోలు, దాని వెనక సుక్రాం, ఆ వెనక ఊరు. అందరికంటే చివర గొంగడి కప్పుకుని సీతారాములు.

"ఇంత ఎండల గొంగడి ఏంది అన్నా? జ్వరమా?" అంది లక్కే.

"ముసలితనం."

అయినా ఆమె గబగబా ముందుకు నడిచింది. ఆ తర్వాత ఆయన పక్కకు ఎవరూ రాలేదు.

వాగు దాటి, పక్క ఊరి పొలిమేర రాయి దగ్గర గంప దించారు. సుక్రాం ఇప్పసారా ధార పోశాడు.

"ఇంక పదండ్రి. ఇల్లు చేరేదాక ఎవరు వెనక్కి తిరిగి చూడొద్దు. చూస్తే తల్లి ఎంబడి వస్తది."

అది అందరికీ తెలిసిన నియమమే. సర్కారు చెప్పిన వాటికంటే దీన్ని బాగా పాటించారు. పొలిమేర నుంచి ఊరి దాకా ఒక్క మెడ కూడా తిరగలేదు. మోకాళ్ల నొప్పితో సీతారాములు వెనకబడ్డాడు. ఆయన కోసం ఎవరూ ఆగలేదు.

మర్నాడు మధ్యాహ్నం అన్న మాట ప్రకారం అందరూ వచ్చారు. ఎడంఎడంగా వేసిన అడ్డాకు విస్తళ్ల ముందు కూర్చుని, టేకాకులు గడ్డం కిందికి దించుకున్నారు. పప్పూ అన్నమే ఉంటుందనుకున్నారు. సీతారాములు మొదటి ముద్ద చూరు కింద పెట్టి వచ్చి, కుండ మూత తీశాడు. మెడలన్నీ కుండ వైపు సాగాయి.

కోడి పులుసు. ముక్కలు తక్కువ, నీళ్లు ఎక్కువ, కారం మరీ ఎక్కువ. ముక్క ఉడకలేదని ఎవరూ అనలేదు. లక్కే ఎముకను పిండి అయ్యేదాకా నమిలింది. సుక్రాం రెండుసార్లు మారు అడిగాడు.

"నువ్వు తినవా మామా?" అన్నాడు బాబూరావు.

"ఆమె పోయినకాడి నుంచి నీసు ముడతలేను."

తిన్నాక బాబూరావు చేతులు కడుక్కుని, పుల్లతో పళ్లు కుట్టుకుంటూ అరుగు మీద కూర్చున్నాడు. టేకాకు పైకి లాక్కోవడం మరిచిపోయాడు.

"రామక్కత్త పేరు మీద కడుపు నిండింది," అన్నాడు. కాసేపటికి నోట్లో పుల్ల ఆగింది. "అంగడి లేకపాయె. ఊర్లె కోడి లేకపాయె. ఇది యాడ దొరికింది మామా?"

సీతారాములు వంగి ఎంగిలి విస్తళ్లు తీస్తున్నాడు. తల ఎత్తలేదు.

"నిన్న మీరెవరూ వెనక్కి తిరిగి చూడలే గదా," అన్నాడు.