పసుప్పచ్చ పూలు

"ఏయ్ పెద్దమనిషీ! ఇది పిల్లలు ఆడుకునే జాగనా, నీ గొర్ల దొడ్డా?"

శివకుమార్ కేక కాలనీ అంతా వినిపించింది.

కబడ్డీ కోర్టులో ఉన్న కురుమయ్య గొంగడి సర్దుకున్నాడు. అతని వెనక ఇరవై గొర్రెలు తలెత్తకుండా నేలను కొరుకుతున్నాయి.

"పిల్లలు వచ్చేసరికి ఎల్లిపోత సారూ."

"నువ్వు పోతవ్. నీ గొర్ల పెంటికలు పోతయా?"

బాల్కనీలోంచి ఎవరో కిసుక్కున నవ్వారు.

జడ్చర్ల శివారులో ఎనభై ఇండ్ల కాలనీ అది. శివకుమార్ దాని అధ్యక్షుడు. ఉయ్యాలలు, జారుడుబండ, మట్టి కోర్టు అన్నీ దగ్గరుండి చేయించాడు. ఎనిమిదో తరగతి చదివే కూతురు నిహారిక ఆ కోర్టులోనే కబడ్డీ నేర్చింది. దీపావళి దాటితే జిల్లా సెలక్షన్లు. ఇంట్లో అందరి ప్రాణమూ వాటి మీదే ఉంది.

"ఏటేటా వచ్చినట్టే వానకాలం ఎల్లేదాకన్న రానీయుండ్రి అయ్యా."

"వానకాలమే గద గడ్డి మొలిచేది! మస్తు ఉషారున్నవ్ గని, నడువు."

కురుమయ్య అరికాలు ఒకసారి దులుపుకున్నాడు. గొర్రెలను అదిలించి వెళ్లిపోయాడు.

ఆ రోజే గేటుకు తాళం పడింది.

వానలకు కోర్టు బురదై ఆట ఆగింది. శ్రావణం నాటికి గ్రౌండంతా తీగలు పాకి, గోరంత గోరంత పసుప్పచ్చ పూలు పూశాయి.

శివకుమార్ భార్య పుష్ప ఫొటో తీసి కాలనీ వాట్సాప్‌లో పెట్టింది.

'గొర్లు పోయినంక మన గ్రౌండు చూడుండ్రి. పూలతోట!'

అరవై మంది చప్పట్ల బొమ్మలు పంపారు. అందులో సగానికి సగం రైతుబిడ్డలే. ఆ పూలేమిటో ఒక్కరికీ తట్టలేదు.

ముసురు విడిచింది. ఎండ కాసింది. పూలు రాలాయి.

కోర్టులోకి ఉరికిన నిహారిక రెండడుగులకే కూలబడింది.

"డాడీ! ముండ్లు!"

రెండు అరికాళ్ల నిండా పల్లేరు కాయలు.

జేసీబీ తెచ్చి గీకిస్తే కాయలు మట్టిలో కలిసి ఇంకింత పరుచుకున్నాయి. నిహారిక మడమలో విరిగిన ముల్లు చీము పట్టింది. దవాఖానలో కోసి తీశారు.

"నెలరోజులు ఆట బంద్" అన్నాడు డాక్టరు.

సెలక్షన్ల రోజు నిహారిక మంచం మీదే కూర్చుంది. ఏడవలేదు. తండ్రిని ఒక్క మాట అడిగింది.

"ఇన్నేండ్లు గీ ముండ్లు ఎందుకు లెవ్వు డాడీ?"

శివకుమార్ అన్నం ముందు నుంచి లేచిపోయాడు.

ఊరి చివర కురుమయ్య ఇల్లు వెతికి పట్టుకునేసరికి మధ్యాహ్నమైంది. అతని భార్య జానమ్మ వాకిట్లో ఉన్ని ఏరుతోంది.

"గొర్లతోని ఆయన కిష్ణా నది దిక్కు పోయిండు సారూ. మళ్ల మిరుగం కార్తెల వానలు పడ్డంకనే వచ్చుడు. ఏమన్న పనా?"

"మా గ్రౌండుల గొర్లను మేపుకోమని చెప్పనీకె వచ్చిన. పల్లేరు తీగ అవే తింటుండెనని ఇప్పుడు సమజైంది."

జానమ్మ నవ్వింది.

"లేతగున్నప్పుడు రెండు కొరుకుతయేమో. కాయ వడ్డంక మూతిగుడ పెట్టయి. మీ దగ్గర మేసి వచ్చిననాడు వాటికి సగం కడుపే. నేను ఆయనతోని రోజు కొట్లాడుదు."

"మరి గా కాయలెటు పోయినయి అవ్వా?"

ఆమె ఉన్ని పక్కన పెట్టింది.

"కొత్త చెల్కల మంద నిలిపేముందు మావోళ్లు చెప్పులిడిసి నడుస్తరు సారూ. గొర్రెపిల్ల కాలుకు కుచ్చేది ముందుగాల మన కాలుకే కుచ్చాలె, గది మా పద్ధతి. మీ దగ్గర ఆడపిల్లలు ఉత్తకాళ్లతోని ఉరుకుతుంటరు గద."

శివకుమార్ తన కాళ్లకున్న బూట్ల వైపు చూసుకున్నాడు.

"దీపం పెట్టేయాళ్లకు ఆయన అరికాళ్లు ఒళ్లె పెట్టుకోని, పిన్నీసుతోని పల్లేరు ముండ్లు తీసుడే నాకు రోజు పని ఉండె సారూ."