హెర్మీనా పంపిన వ్యాగన్లు

అలా కాదు మనవరాలా, ముందు బంతి సంగతి రాయి.

పక్షవాతం వచ్చి మీ చిన్నతాత వెండెలిన్‌కి కుడిచెయ్యి పడిపోయింది కదా. ఆసుపత్రిలో ఒక సిస్టరు రోజూ వచ్చి, ఆ చేతిలో రబ్బరు బంతి పెట్టి పిసకమనేది.

మూడోరోజు వాడు ఎడంచేత్తో ఆ బంతిని కిటికీలోంచి విసిరేశాడు. నేను పక్కనే ఉన్నాను.

"నలభై ఏళ్లు రైలు చక్రాల్ని సుత్తితో కొట్టి, చప్పుడు విని పగులు చెప్పినవాణ్ణమ్మా. ఇంటిదగ్గర వేలెడంత బొమ్మ రైలు వ్యాగన్లు బాగుచేసుకునేవాణ్ణి. నన్ను బంతాట ఆడమంటావా?" అన్నాడు.

ఆవిడ కిందికెళ్లి బంతి తెచ్చుకుంది.

ఇంటికొచ్చాక చెంచా కూడా ఎడంచేత్తోనే. తన బొమ్మ వ్యాగన్ల పెట్టె మంచం కిందికి తోసేశాడు. ఆ చెయ్యి ఇక రాదేమోనని నాకు ఒకటే బెంగ.

అప్పుడే కదా నువ్వు ఫోనులో చూపించావు, మన ఊళ్లోనే హెర్మీనా అని ఎవరో పాత బొమ్మ వ్యాగన్లు అమ్ముతోందని.

తెప్పించిన మొదటిది చక్రం ఊడి వచ్చింది. ఒక చేత్తో బిగించడం కుదర్లేదు. తిట్టుకుంటూనే కుడిచేత్తో అదిమి పట్టాడు. వారం పట్టింది.

రెండోదానికి తలుపు ఊడింది. మూడోదానికి నిచ్చెన విరిగింది, గడ్డిపరకంత నిచ్చెన.

ప్రతిసారీ నీచేత ఆవిణ్ణి తిడుతూ రాయించేవాడు, కాళ్లతో గాని ప్యాకింగు చేస్తున్నావా అని. ఆవిడ జవాబు ఒక్కటే. క్షమించండి, విరిగిన ముక్క కూడా అందులోనే ఉంది, అని.

మరి కొనడం మానెయ్యరా అన్నాను.

"మానేస్తే ఎలా అన్నయ్యా? ఆవిడ దగ్గరుంటే ఉన్నవన్నీ నాశనం చేస్తుంది."

చలి తగ్గేసరికి పట్టకారు కుడిచేతికొచ్చింది. ఈస్టరుకి ఒక వ్యాగన్ మీద చెరిగిపోయిన అంకెలు ఆవగింజంత సైజులో తనే దిద్దాడు. ఆ పూట బీరు గ్లాసు కుడిచేత్తో ఎత్తాడు. ఒక్క చుక్క ఒలకలేదు. మీ నానమ్మ పొయ్యివైపు తిరిగి కళ్లు తుడుచుకుంది. నాకు ఆరునెలల తర్వాత గుండెల నిండా ఊపిరాడింది.

ఆఖరి వ్యాగన్‌కి ఒక్క గీత కూడా లేదు. "హమ్మయ్య, ఇన్నాళ్లకి ప్యాకింగు నేర్చుకుంది" అని నవ్వాడు.

మొన్న రొట్టెల కొట్టు పక్కన, చావు కబురు కాగితాలు అంటించే బోర్డు మీద హెర్మీనా పేరు చూశాను. పార్సిల్ మీద అడ్రసు పట్టుకుని వెళ్లాను. వాళ్ల చెల్లెలు తలుపు తీసింది.

అక్కకి రైలు బొమ్మలంటే ఏంటో కూడా తెలీదంది. పోయినేడు ఎందుకో సంతలో మంచి మంచివి ఏరి తెచ్చుకునేదట, తలుపేసుకుని ఏదో చేసేదట. బల్ల చూపించింది. ఒక పట్టకారు, ఒక బ్లేడు, వాటి పక్కన రబ్బరు బంతి.

నేను ఆ బంతి చేతిలోకి తీసుకుని చూశాను, వాడు కిటికీలోంచి విసిరేసిందే.

అన్ని పగుళ్లు విన్నవాడు ఈ పగులు మాత్రం కనిపెట్టలేకపోయాడే.

వాడి ముందు నాకు నోరు రాదు మనవరాలా. సాయంత్రం వాడు క్లబ్బు నుంచి రాగానే నువ్వే ఇది చదివి వినిపించు: ఆ వ్యాగన్లు దారిలో విరగలేదు, వాడు ఎవరి బంతి విసిరేశాడో ఆ ఆసుపత్రి సిస్టరే, వాడి చెయ్యి కోసం, ఒక్కొక్కటీ తన చేత్తో విరిచి పంపింది.