కూలి వద్దన్న మనిషి

అక్కయమ్మ ఎడమకాలు విరిగి నెలయింది. లోపల రాడ్ వేశారు.

జంగమకోటెలో ఒక్కతే పట్టుపురుగులు పెంచుకునే మనిషి. కాలికి విశ్రాంతి కావాలని పురుగులకు ఎవరు చెప్పాలి?

డాక్టరు రాసిన నొప్పి మాత్రలు పది రోజులకే అయిపోయాయి. నొప్పి అయిపోలేదు. తైలం రాసుకుందామంటే ఆ ఘాటు పురుగులకు పడదు. అందుకే చింతామణికి పనికి పోయొచ్చే పక్కింటి నేత్ర చేత అవే మాత్రలు తెప్పించుకుని, మింగి, కర్ర పట్టుకుని పురుగులకు మల్బరీ ఆకు వేసేది.

మూడోసారి నేత్ర వట్టి చేతులతో వచ్చింది.

“మందులంగడి నరసింహయ్య ఈలేదు పెద్దమ్మా. ఇవి నెలల తరబడి మింగితే ఎముక అతుక్కునేది నిదానమవుతాదంట. డాక్టరును అడిగి రమ్మన్నాడు.”

ఎవరికి, ఏ ఊరు, ఎందుకు పడుకోవడం లేదు అని సవాలక్ష ప్రశ్నలు కూడా వేశాడట. అక్కయమ్మకు ఒళ్లు మండింది.

“మాత్రలు అమ్మేవానికి ఎందుకు ఆ పంచాయితీ? ఊర్లో ఇంకో అంగడి లేదా?”

ఇంకో అంగడిలో ఒక్క మాట అడక్కుండా ఇచ్చారు.

పురుగులు నాలుగో జ్వరం నుంచి లేచాయి. జ్వరమంటే పొర విడవడం. ఆ తర్వాత గూడు కట్టేదాకా ఎనిమిది రోజులు వాటికి తినడమే పని.

ఆ రోజు పొద్దున్నే ఒక పెద్దాయన పురుగుల షెడ్డు ముందుకు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. చెప్పులు బయటే విడిచాడు. తనకు పురుగుల పని తెలుసనీ, ఎనిమిది రోజులూ తానే ఆకు వేస్తాననీ చెప్పాడు.

“నువ్వు కాలు కింద పెట్టొద్దమ్మా. నాకు కూలేమీ వద్దు.”

“ఏ ఊరప్పా నీది?”

“చింతామణి.”

ఆమె ఎగాదిగా చూసింది. ఇస్త్రీ చొక్కాతో పురుగులు మేపడానికి ఎవరొస్తారు? గూళ్ల మీద కన్నేసిన దొంగే అనుకుంది.

“కూలి వద్దనే మనిషిని ఎట్లా నమ్మేది? పోప్పా, నాకు పనుండాది.”

ఆయన ఏదో చెప్పబోయాడు. ఆమె తలుపు మూసేసింది.

ఆ పంట బ్రహ్మాండంగా వచ్చింది. తర్వాతి పంటలూ బాగానే వచ్చాయి. మాత్రలూ అలాగే నడిచాయి.

ఆరో నెలలో చిక్కబళ్లాపురం డాక్టరు ఎక్స్‌రే చూసి ఎముక అతకలేదన్నాడు. ఎన్ని మాత్రలు మింగిందో విని తల పట్టుకున్నాడు. తప్పంతా మాత్రలదే అనలేమనీ, కాలి మీద అన్ని గంటలు నిలబడటమూ చెరుపు చేసి ఉంటుందనీ చెప్పాడు. మళ్లీ ఆపరేషన్ చేయాలి. ఈసారైనా మునుపటిలా నడుస్తుందన్న హామీ ఇవ్వలేదు.

అక్కయమ్మకు ఏడుపొచ్చింది. ఈ మాట ముందే చెప్పినవాడు ఒక్కడే. అతన్ని తిట్టినందుకు సిగ్గేసింది. తప్పయిందని చెప్పుకోవడానికి నేత్రను తోడు తీసుకుని, చంకకర్రలతో చింతామణి వెళ్లింది.

మందులంగడిలో నరసింహయ్య భార్య కూర్చుని ఉంది.

“ఆయన పోయి రెండు నెల్లాయమ్మా. గుండెపోటు.”

ఏ ఊరి నుంచి వచ్చారని ఆమె అడిగితే, జంగమకోటె అని నేత్ర చెప్పింది.

“జంగమకోటెనా? ముప్పై ఏండ్లలో ఆయన పనిదినం ఈ అంగడికి బీగమేసింది ఒక్కసారేనమ్మా, మీ ఊర్లో కాలు విరిగిన ఆయమ్మ ఎవరికో ఎనిమిది దినాలు పురుగులకు ఆకేసొస్తానని పొయ్యి, ఆయమ్మ వద్దనిందని మధ్యాన్నానికే తిరిగొచ్చినాడు.”